పులుపు పట్టిక

ఉద్యోగినుల హాస్టలు, రెండో అంతస్తు
మార్చి 3

అక్కా,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. మూడు పేజీలూ బావ గురించీ, మీ ఇస్త్రీ గదిలో పొడుగమ్మ వేసే జోకుల గురించీ రాశావు. ఆఖరున, చోటు చాలక కాగితం పక్కకి తిప్పి, అంచులో రాశావు: "రెండు నెలలుగా కడుపులో మంట, పుల్లటి తేన్పులు. ఏమీ కాదులే." నువ్వు అంచులో రాసేదే అసలు సంగతని నాకు తెలియదనుకున్నావా? నా స్కూలు ఫీజు కోసం నీ చెవిపోగులు అమ్మిన సంగతి కూడా ఇలాగే ఒక అంచులోనే తెలిసింది నాకు.

ఇది నేను చూసుకుంటాను. దీని కోసమే కదా నన్ను చదివించావు!

ఈ లేబొరేటరీలో చేరిన నాలుగు నెలల నుంచీ నేను చేస్తున్న పని ఇదే. సీసాల్లో వచ్చే రసాలూ, సోడాలూ, సాసులూ ఎంత పుల్లగా ఉన్నాయో కొలవడం. నాలుకతో కాదు, మీటరుతో. ఆ కొలతని పీహెచ్ అంటారు. సున్నా నుంచి పద్నాలుగు దాకా మెట్లున్నాయనుకో. ఏడో మెట్టు మంచినీళ్లది. అక్కడి నుంచి కిందికి దిగేకొద్దీ పులుపు, పైకి ఎక్కేకొద్దీ సబ్బు, సోడా జాతి. ఒక్కో మెట్టుకీ పదింతల తేడా. నాలుగు దగ్గరున్న దానికంటే మూడు దగ్గరున్నది పది రెట్లు పులుపు, రెండు దగ్గరున్నది వంద రెట్లు.

ఇవాళ పని అయ్యాక నీ కోసం ప్రత్యేకంగా కొలిచాను. నిమ్మరసం రెండుంపావు, కోలా రెండున్నర, నారింజ మూడున్నర, టమాటా నాలుగుంపావు, కాఫీ ఐదు, టీ కొంచెం పైన. మీరు పదింటికి టీతో తినే బన్నులాంటిది ఒకటి కొని నీళ్లలో నలిపి చూశాను, ఐదుంపావు. పాలు ఆరున్నర. ఉడికించిన ఆకుకూర ఆరు దాటింది.

కాబట్టి నియమం ఒక్కటే. ఐదున్నరకి కిందున్నది ఏదీ ముట్టుకోకు. దీంతో పాటు రెండు పంపిస్తున్నాను. ఒకటి రంగుకాగితాల పుస్తకం. దేనిలోనైనా ముంచి, అట్ట మీది రంగులతో పోల్చుకుంటే మెట్టు తెలుస్తుంది. రెండోది పట్టిక. స్కేలు పెట్టి మూడు గడులు గీశాను. టైము, తిన్నదీ తాగిందీ, మంట. మంటకి సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యి. నిజాయితీగా వెయ్యి. ఒక్క నెల. అప్పటికీ తగ్గకపోతే డాక్టరు.

నీ
చిట్టి


లాండ్రీ, ఇస్త్రీ గది
మార్చి 15

చిట్టీ,

భోజనాల టైములో ఇస్త్రీ బల్ల మీద కాగితం పెట్టి నిలబడే రాస్తున్నా. కూర్చుందామంటే ఈ గదిలో స్టూలు ఉండకూడదని రూలు. ఉన్నా నా మోకాళ్లతో ఒకసారి కూర్చుంటే లేవడం గగనం. అక్షరాలు వంకరపోతే నన్ను తిట్టకు, నేర్పింది నువ్వే. ఫోను చెయ్యమని బావ గోల పెడుతున్నాడు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను, అంతే కదా. ఉత్తరమైతే నా అక్షరాలకి తుప్పు పట్టదు.

నీ కాగితాలు వచ్చిన రోజు నుంచి ఇక్కడ ఎవరికీ పని మీద ధ్యాస లేదు. పొడుగమ్మ ఉమ్మి మీద పెట్టి చూసుకుంది. గంజిలో, బ్లీచింగులో, మా టీలో, ఒకదాన్నీ వదల్లేదు. గడియారం వచ్చాడు. అదే, మా సూపర్వైజరు. మనిషి మొహం చూడడు, గోడ మీది ముళ్లు చూసి మాట్లాడతాడు కదా, అందుకే ఆ పేరు. "ఏంటమ్మా ఆ రంగులు?" అన్నాడు. పొడుగమ్మ "మీ మాట ఎంత పుల్లగా ఉందో కొలుస్తున్నాం సార్, కాస్త నాలుక చాపండి" అంది. పాపం నవ్వబోయి, టైము చూసుకుని మానేశాడు.

నీ మెట్ల పేరు తెలియదు కానీ ఆ పని మాకు కొత్త కాదే. సోడాతో ఉతికిన దుప్పట్లకి ఆఖరి నీళ్లలో కాస్త పులుపు కలుపుతారు. కలపకపోతే నా ఇస్త్రీపెట్టె తగలగానే పసుపెక్కుతాయి. పులుపు ఎక్కువైతే నూలు చచ్చిపోతుంది. ఆఖరి నీళ్లలో నీ కాగితం ముంచాను, ఆరు వచ్చింది.

అందుకే ఒక అనుమానం. కడుపులో యాసిడ్ ఊరుతుందని చిన్నప్పుడు నువ్వు గట్టిగా పాఠం చదివేదానివి. అది ఎన్నో మెట్టు మీదుందో పట్టికలో రాయలేదేం? పొడుగమ్మ కూతురి పుస్తకంలో ఒకటిన్నర, రెండు అని ఉందట. మరి రెండు దగ్గరున్న కుండలో ఐదు దగ్గరున్న టీ పోస్తే, కుండ ఇంకా పుల్లబడుతుందా, పులుపు విరుగుతుందా? మా తొట్టిలో అయితే విరుగుతుంది. కడుపు తొట్టి కాదనుకో. తెలియక అడుగుతున్నా.

అనుమానం ఉన్నా నీ మాట జవదాటలేదు. పట్టికని నా బల్ల ఎదురుగా గోడకి అంటించాను. పైన సుద్దముక్కతో "మా చెల్లెలు రాసింది" అని కూడా రాశాను. ఇక్కడ ఆరుగురం ఉన్నాం, ఆరుగురికీ ఎంతో కొంత మంటే. అందరం పదింటి టీ, బన్ను మానేశాం. మూడింటి టీ కూడా. ఆ టైములో చేతితొడుగులు మార్చుకోవడం, పెట్టెల్లో నీళ్లు పోసుకోవడం, డబ్బా తిరగడం, అంతే, మళ్లీ పని. పది నిమిషాలు కలిసొచ్చాయని గడియారం మహదానందంగా ఉన్నాడు. నీకు ఉద్యోగం ఇస్తాడేమో.

బావ డాక్టరు, డాక్టరు అంటున్నాడు. ఇంట్లో చదువుకున్నది నువ్వుండగా డాక్టరెందుకు అన్నాను. మన వంశంలో మొదటిసారి ఆ మాట అనే యోగం నాకు పట్టింది, అననివ్వు.

అక్క


హాస్టలు
మార్చి 26

అక్కా,

నీ ఉత్తరం చదివి మూడు రోజులు జవాబు రాయలేదు. కోపం వచ్చి కాదు. సరే, కొంచెం కోపమే. ఐదేళ్లు ఇదే చదివాను, నాలుగు నెలలుగా ఇదే కొలుస్తున్నాను. నీ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

మా లేబొరేటరీ పెద్ద మేడమ్‌ని అడిగాను. ఆవిడ కళ్లజోడు తీసి, "ఈ ప్రశ్న నీదేనా?" అంది.

"మా అక్కదండీ."

"మీ అక్క ఏం చదివింది?"

"ఏమీ చదవలేదండీ. లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది."

"మరి ప్రశ్న అడగడం ఎవరు నేర్పారు?" అని నవ్వింది. నాకు గర్వంగానూ ఉంది, ముల్లు గుచ్చుకున్నట్టూ ఉంది.

ఆవిడ చెప్పింది ఇదీ. నువ్వన్నదే నిజం. మనం తాగేవాటిలో దాదాపు ఏదీ కడుపులోని యాసిడ్ అంత పులుపు కాదు. నిమ్మరసం కూడా దానికి సాటి రాదు. గ్లాసులో ఉన్నప్పుడు ఎంత పులుపన్నది కాదట, లోపలికి వెళ్లాక అది కడుపు చేత ఏం చేయిస్తుందన్నది ముఖ్యమట. కాఫీ మెట్టు ఐదే అయినా కడుపుని తట్టి లేపి యాసిడ్ ఊరిస్తుంది. పాలు ఆరున్నర అని చూసి నేను మోసపోయాను. తాగగానే చల్లగా ఉంటుంది, తర్వాత ఆ పాలని అరిగించడానికే కడుపు ఇంకా ఎక్కువ ఊరిస్తుంది. సోడాపొడి కలుపుకుని తాగితే పులుపు విరిగి గ్యాసు పుడుతుంది, కడుపు ఉబ్బుతుంది, కాసేపటికి మంట మళ్లీ మొదలు. నూనె సరుకు తింటే కడుపు పైన ఉండే మూత వదులై, యాసిడ్ గొంతు దాకా ఎగదన్నుతుంది. టమాటా, నారింజ లాంటివి కొందరికి పడవు, కొందరిని ఏమీ చెయ్యవు. మనిషిని బట్టి ఉంటుందట.

అయినా పట్టిక మొత్తం తప్పని కాదు. సరిచేస్తున్నాను. ఇప్పుడున్నవాటికి తోడు, పడుకునే ముందు పాలు వద్దు. సోడాపొడి వద్దు. గ్యాసు ఉండే కూల్‌డ్రింకులు వద్దు. వేపుళ్లు వద్దు. పుదీనా కూడా వద్దు, అది కూడా మూతని వదులు చేస్తుంది. ఆకుకూర ఎక్కువ తిను.

నువ్వు నింపిన పట్టిక ఒక్కటి కూడా పంపలేదు. వెంటనే పంపు. సాయంత్రాలు హాస్టలు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తున్నానట, పక్క గది అమ్మాయి అడిగింది, "ఏమైనా పోగొట్టుకున్నావా?" అని.

నీ
చిట్టి


ఇల్లు
ఏప్రిల్ 19

చిట్టీ,

ఆలస్యమైంది. పని ఎక్కువగా ఉంది. బాగానే ఉన్నా.

పట్టికలు రెండు వారాలవి పంపుతున్నా. నువ్వు చెప్పినవన్నీ మానేశాను. ఇక మానడానికి గాలి ఒక్కటే మిగిలింది. సన్నబడ్డాను, పెళ్లినాటి జాకెట్లు పడుతున్నాయి. పొడుగమ్మ కుళ్లుకుని చస్తోంది. మొన్న ఆవిరికి కాస్త కళ్లు తిరిగితే బల్ల పట్టుకుని సర్దుకున్నా.

మోకాళ్ల గురించి అడగలేదు నువ్వు. అడక్కపోవడమే మంచిదిలే. పని జరిగిపోతోంది.

అక్క

(అంచులో) నవ్వకు. వారం రోజులుగా దొడ్డికి తారులా నల్లగా వెళ్తోంది. నీ ఆకుకూర మహిమేనా?


హాస్టలు
ఏప్రిల్ 23

అక్కా,

ఇది చదవగానే చేతిలో పని అక్కడే వదిలేసి బావతో ఆస్పత్రికి వెళ్లు. పెట్టె వేడిగా ఉంటే వేడిగానే వదిలెయ్యి. గడియారం ఏమన్నా అననీ. ఆకుకూరకి అలా తారులా వెళ్లదు. లోపల ఎక్కడో రక్తం కారి, యాసిడ్ తగిలి నల్లబడితే అలా వెళ్తుంది. కళ్లు తిరగడం ఆవిరికి కాదు.

ఉత్తరం అందగానే మీ లాండ్రీకి ఫోను చేశాను. గడియారమే ఎత్తాడు. "ఇస్త్రీ గదిలోకి ఫోను ఇవ్వమమ్మా, అందరూ బాగానే ఉన్నారు" అన్నాడు. బావ పనిచేసే బస్సుల షెడ్డుకి చేస్తే మోగుతూనే ఉంది. రేపు మళ్లీ చేస్తాను. శనివారానికి సెలవు దొరికింది, బస్సెక్కుతాను. ఈ ఉత్తరం రాత్రి బండికి పడేలా నేనే వెళ్లి వేసి వస్తున్నాను. నా కోసం మాత్రం ఆగకు.

ఇంకొకటి. నీ పట్టికలు రెండూ టేబులు మీద పక్కపక్కన పరిచి చూశాను. సోమవారం నుంచి శనివారం దాకా, ప్రతిరోజూ, పదిన్నరకి మంట నాలుగు. మూడున్నరకి ఐదు. ఆ రెండుచోట్లా "తిన్నదీ తాగిందీ" గడి ఖాళీ. ఆదివారం పొడుగమ్మ ఇంట్లో టమాటా సూపు, కాఫీ, నిమ్మరసం అని నిజాయితీగా రాశావు. నేను వద్దన్నవన్నీ ఒకే రోజు లాగించేశావు. మంట? ఒకటి! మరుసటి ఆదివారం సున్నా.

ఏమీ తినని టైములో నిన్ను మండిస్తున్నదేమిటి? పదింటికి, మూడింటికి ఆ గదిలో ఏం జరుగుతుంది? చిన్నదైనా సరే, తిండి కానిదైనా సరే, చెప్పు. నాకు చెప్పకపోయినా డాక్టరుకి చెప్పు.

చిట్టి


ఆస్పత్రి, ఆడవాళ్ల వార్డు
ఏప్రిల్ 25

చిట్టీ,

పడుకుని రాస్తున్నా. ఒక చేతికి సూది ఉంది, రెండో చేత్తో కాగితం జారకుండా పట్టుకోవడానికి బావ ఉన్నాడు. చదవొద్దని చెప్పా, చదువుతున్నాడు.

నీ ఉత్తరం ఇంటికి వచ్చేసరికే నన్నిక్కడ చేర్చేశారు. నిన్న పొద్దున బల్ల దగ్గర కాళ్లు లేనట్టు కూలిపోయా. పొడుగమ్మ ఎత్తుకొచ్చింది, దాని పొడుగు ఇన్నాళ్లకి పనికొచ్చింది. గొట్టం వేసి చూశారు. కడుపులో రెండు పుండ్లట. ఒకదాన్నుంచి రక్తం కారుతోందట. ఆపారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. భయపడకు, ఇప్పుడు నిన్ను తిట్టేంత ఓపిక వచ్చింది.

డాక్టరు చిన్నమ్మాయి, నీ ఈడే. "మందులేమైనా వాడుతున్నారా?" అంది. "లేదమ్మా, ఒంటికి మందు అలవాటు చెయ్యలేదు" అన్నా. నిజం చెప్తున్నాననే అనుకున్నా. సాయంత్రం బావ నీ ఉత్తరం తెచ్చి పైకి చదివాడు. పదింటికి, మూడింటికి ఏం జరుగుతుంది అని నువ్వడిగిన చోట ఆగి నా మొహం చూశాడు.

"ఏముంది, డబ్బా తిరుగుతుంది" అన్నా.

"ఏ డబ్బా?"

"కాళ్లనొప్పుల గోళీలది."

"గోళీలా! నాతో ఎప్పుడూ చెప్పలేదేమే?"

"నువ్వు స్పానరు పట్టుకున్నావని రోజూ నాతో చెప్తున్నావా?"

ఆయన సగం మాటలోనే డాక్టరమ్మ కోసం పరిగెత్తాడు.

నిజమే చిట్టీ. నాకది మందని తట్టలేదు. రెండేళ్ల కిందట ఇద్దరు కాళ్లు నొప్పని నేల మీద కూర్చుండిపోతే, మేనేజరు ఆ డబ్బా తెచ్చి కిటికీలో పెట్టించాడు. పదింటికొకటి, మూడింటికొకటి. గడియారమే స్వయంగా డబ్బా తిప్పుతాడు. చేతితొడుగు, పెట్టెలో నీళ్లు, గోళీ. అన్నీ ఒకటే, పనిముట్లు. నువ్వు తిన్నదీ తాగిందీ రాయమన్నావు. అది తిండా? నీళ్లు కూడా లేకుండా మింగేస్తాం, తాగినట్టూ కాదు. ఏ గడిలో రాయను?

డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పబోయింది, నేనే ఆపి నా భాషలో చెప్పా. ఉన్ని కోటు మీద పెట్టె నేరుగా పెట్టం. తడిగుడ్డ పరిచి, దాని మీద పెడతాం. కడుపు లోపల కూడా అలాంటి జిగురు పొర ఉంటుందట, యాసిడ్‌కి అడ్డంగా. ఆ గోళీలు రోజుకి రెండుసార్లు ఆ గుడ్డని లాగేస్తున్నాయి. ఇక పెట్టె తప్పేముంది? అది ఎప్పట్లాగే కాలింది, కోటు మాడింది. "సరిగ్గా అంతే" అంది. ఇంకోమాట కూడా అంది. అసలే ఆ గోళీలు చెడ్డవి, అందులోనూ పరగడుపున వేసుకుంటే కడుపుని ఇంకా కోస్తాయట. ఇదివరకు టీ, బన్నైనా ఉండేవి తోడుగా.

అది నేను రాయకూడదనుకున్నా. బావ రాయమన్నాడు. నువ్వు మనసులో పెట్టుకోకు. రేపు వస్తావుగా, వచ్చేటప్పుడు ఏడుస్తూ రాకు.

అక్క


హాస్టలు
మే 6

అక్కా,

నిన్ను చూసి వచ్చి పది రోజులైంది. అక్కడ నీ మంచం పక్కన చెప్పలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను. ఎదురుగా ఉంటే నువ్వు నవ్వించి మాట మార్చేస్తావు.

మార్చిలో నీ ప్రశ్న తీసుకుని వెళ్లినప్పుడు పెద్ద మేడమ్ నవ్వాక ఇంకొక మాట చెప్పింది. "రెండు నెలల మంట అంటున్నావు, ముందు డాక్టరుకి చూపించమను. ఏ మందులు వాడుతోందో అడుగు." ఆ రెండు వాక్యాలూ నీకు రాయలేదు. మర్చిపోయి కాదు. నా పట్టికే నిన్ను బాగు చెయ్యాలనుకున్నాను. మా అక్కని నేను చదువుకున్న చదువుతో నయం చేశానని ఒక్కసారి అనిపించుకోవాలనుకున్నాను. నువ్వు డాక్టరెందుకు అన్నప్పుడు నేను మురిసిపోయాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు కదా, నేను వేసింది మందు కూడా కాదు, గీతలు.

బన్ను పీహెచ్ కొలిచి నీ నోటి దగ్గర నుంచి లాగేశాను. కడుపులో ఉన్న ఆ బన్నే యాసిడ్‌ని కాస్త తనలో కలుపుకునేది. గ్లాసులో నిజమైన అంకె కడుపులో అబద్ధం కావచ్చని పుస్తకంలోనే ఉంది, నేనే చదవలేదు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వనిది నీ కడుపు కాదు. అది మానుతుంది. డాక్టరు ఇచ్చిన మాత్ర యాసిడ్ ఊరడాన్నే తగ్గిస్తుంది. లోపలి అంకె ఒకటిన్నర నుంచి నాలుగు దాకా లేస్తుంది, పుండు ఆరడానికి సందు దొరుకుతుంది. పొద్దున తిండికి అరగంట ముందు వేసుకోవడం మానకు. నాకు నిద్ర లేకుండా చేస్తున్నది ఆ గోడ. నా పట్టిక ఇంకా అక్కడే ఉంది. దాని కింద ఐదుగురు ఇంకా టీ, బన్ను మానేసి డబ్బా తిప్పుకుంటున్నారు. పైన నా పేరు బదులు "మా చెల్లెలు" అని ఉంది.

కింద కాగితం విడిగా రాస్తున్నాను. నువ్వు పనిలోకి వెళ్లేదాకా ఆగకుండా బావ చేత పొడుగమ్మకి ఇప్పించు. ఎవరైనా గట్టిగా చదివి వినిపించాలి.

"ఇస్త్రీ గది అక్కలకి. గోడ మీది పట్టిక రాసింది నేనే. అది తప్పు. చింపెయ్యండి. మీ మంట టీ వల్లనో, బన్ను వల్లనో అని నేను అనుకున్నాను. డబ్బా సంగతి నాకు తెలియదు, నేను అడగలేదు. ఆ గోళీలు రోజూ వేసుకుంటే కడుపు లోపలి పొర పోతుంది. మంట, నల్లటి విరేచనం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి, డబ్బా సంగతి ఆమెకి చెప్పండి. టీ, బన్ను మళ్లీ మొదలుపెట్టండి. నన్ను క్షమించండి."

చిట్టి


లాండ్రీ, ఇస్త్రీ గది
జూన్ 12

చిట్టీ,

పనిలోకి వచ్చి నాలుగు రోజులైంది. మంట లేదు. మాత్ర ఇంకో నెల వేసుకోమన్నారు. నిన్న టమాటా సూపు తాగా. నాకు టమాటా ఏమీ చెయ్యదని తేలిపోయింది, ఆ నెల రోజుల సూపంతా నువ్వు బాకీ.

నీ కాగితం పొడుగమ్మకి ఇవ్వలేదు. ఇస్తే అది సగం చదివి, సగం తన కవిత్వం కలిపేస్తుంది. బావ చేత కబురు మాత్రం ఆ రోజే పంపా, డబ్బా ముట్టుకోవద్దని, టీ తాగమని. అయినా నేను వచ్చేదాకా పట్టిక గోడ మీదే ఉంది. "నీ చెల్లెలు రాసింది, నువ్వే తియ్యి" అన్నారు. తొలిరోజు పదింటికి గడియారం డబ్బా పట్టుకుని రాగానే, "ఒక్క నిమిషం సార్" అని బోర్లించిన బుట్ట ఎక్కి, నీ కాగితం నేనే చదివా. నలుగురి ముందు కాగితం పట్టుకుని చదవడం నా జన్మలో అదే మొదలు. రెండుచోట్ల తడబడ్డా. "క్షమించండి" దగ్గర ఒత్తు పలకలేదు. ఎవరూ నవ్వలేదు.

గడియారం మొహం తెల్లబోయింది. పోట్లాడతాడనుకున్నా. "నేనూ రోజుకి రెండు మింగుతున్నానమ్మా, నడుముకి" అన్నాడు. ఏడాదిగా ఛాతీలో మంటని గుండెజబ్బనుకుంటూ ఎవరికీ చెప్పకుండా తిరుగుతున్నాడట! తడిగుడ్డతో గొంతు కోసే రకం అనుకున్నా ఇన్నాళ్లూ. ఆయన గుడ్డ కూడా పోయిందన్నమాట.

అంతా బాగైపోయిందని రాయను. పొడుగమ్మ ఇంకా మానలేదు. "కడుపు మాట తర్వాత, కాళ్లు ఇప్పుడే నొప్పెడుతున్నాయే" అని జేబులో దాచుకుని వేసుకుంటోంది. దాన్ని తప్పుపట్టను. నా మోకాళ్లు కూడా అలాగే ఉన్నాయి, కట్టు కట్టుకుని లాగుతున్నా. గోళీ మానెయ్యమని చెప్పడం తేలిక, దాని బదులేమిటో చెప్పు. ఈసారి అంకెలు కాదు, నన్ను అడిగి చెప్పు.

పట్టిక చింపలేదు చిట్టీ. తిప్పి, వెనకవైపు, బట్టల మీద గుర్తులు వేసే పెన్సిలుతో నేనే గీశా. స్కేలు లేదు, ఇస్త్రీ బల్ల అంచు పెట్టి గీశా. నాలుగు గడులు. టైము, తిన్నదీ తాగిందీ, మింగింది, మంట. పొడుగమ్మ సిగ్గుపడుతూనే మూడో గడిలో రాస్తోంది. వారం చివర ఆ కాగితంతోనే దాన్ని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్తా. పైన సుద్దముక్కతో రాసింది మాత్రం చెరపలేదు.

కిటికీలో డబ్బా ఉన్న చోట ఇప్పుడు టీ కెటిలు ఉంది. గడియారం తన గదిలోని స్టూలు తెచ్చి నా బల్ల పక్కన వేశాడు. పై మేనేజరు చూస్తే ఏమవుతుందో తెలియదు, అందుకే అందరం తలుపు వైపు ఓ కన్నేసి ఉంచుతున్నాం. ఆరుగురికి ఒకటే స్టూలు. వంతులేసుకున్నాం, మనిషికి పది నిమిషాలు.

ఇవాళ పదింటి వంతు నాది. ఒక చేతిలో బన్ను ఉంది. ఈ ఉత్తరం కూర్చుని రాస్తున్నా.

అక్క